మోటారుబండి నేల: తివాచి, నార, తారు

మోటారు వాహనముల చరిత్రమును వ్రాసినవారు యంత్రమును గూర్చియు, చక్రములను గూర్చియు, వేగమును గూర్చియు విస్తరించి వ్రాసిరే కాని, ఎక్కినది మొదలు దిగువఱకు మన పాదములు దేనిపై నిలిచియుండునో ఆ నేలను గూర్చి నాలుగు పంక్తులు వ్రాసినవారు అరుదు. అయినను నలువది యేబది యేండ్ల ప్రాయము గల బండిని బాగుచేయబూని, ఆసనముల మరలు విప్పి వానిని వెలికిదీసి, అడుగున పఱచియున్నదానిని ఒక కొసనుండి పట్టి లేపినవానికి ఆ నేల యొక పొరగాక పెక్కు పొరలని తెలియును: పైన నిన్న మొన్న కొన్న ప్లాస్టిక్ చాప, దానిక్రింద రంగు వెలిసిన తివాచి, దానిక్రింద తడిసి, ఎండి, మరల తడిసి అట్టకట్టిన నార, దానిక్రింద పగుళ్ళు దేఱిన నల్లని తారుపలక, అన్నిటికి అడుగున త్రుప్పు. వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమున, ఒక్కొక్క కారణమున, వేర్వేఱు దేశములనుండి వచ్చి చేరినది. కంటికి కనబడు తివాచి హోదాకొఱకు వచ్చెను. కంటికి కనబడని అడుగుపొర చెవికొఱకు వచ్చెను. ఈ రెంటి చరిత్రములును వేర్వేఱు. వానిని ఒకటిగా భావించి అంగడికి పోయినవాడు మంచి తివాచి కొని, చప్పుడు తగ్గలేదని వగచుట తఱచుగా జరుగుచున్నది.

హోదా కథ ముందుగా మొదలైనది. మోటారుబండి తన నేలను గుఱ్ఱపుబండినుండి దాయభాగముగా పొందెను. లండను నగరమున ధనవంతుల శకటములను నిర్మించుచుండిన హూపర్, బార్కర్ వంటి పేరుమోసిన సంస్థలే యిరువదవ శతాబ్ది ప్రారంభమున రోల్స్‌రాయిస్, డైమ్లర్ సంస్థలవారు చేసియిచ్చిన చట్రములపై దేహములను కట్టసాగినవి. కావున వడ్రంగి మాఱలేదు, తోలుపనివాడు మాఱలేదు, తివాచివర్తకుడును మాఱలేదు. యజమాని కూర్చుండు చోట పఱచినది విల్టన్ తివాచి. విల్టన్ అనునది ఇంగ్లండు దక్షిణభాగమున నున్న చిన్న పట్టణము. అచటి నేతగాండ్రు పదునెనిమిదవ శతాబ్దిలో బ్రస్సెల్సు పద్ధతి మగ్గమును తెచ్చుకొని, ఆ నేతయందు ఉన్నిపోగు ఉచ్చులు ఉచ్చులుగా నిలువబడియుండగా, ఆ ఉచ్చుల తలలను కోసివేసి, మఖమలువంటి ముఖము గల తివాచిని నేయ నేర్చిరి. కిడ్డర్‌మిన్‌స్టర్ పట్టణమువారును అనతికాలములోనే ఆ పోటీలో దిగిరి. నేత బిగువై, ముఖము పొట్టిదై, పలుచనయ్యు దిట్టమై యుండుట ఈ తివాచికి గల గుణము. తలుపు వేసినపుడు గడపయొద్ద నలిగిపోక ఇముడుటకును, మీటలకు అడ్డుపడకుండుటకును బండికి కావలసినదియు అదియే.

అమెరికాలో ఎరాస్టస్ బిగెలో అను నాతడు 1840లలో ఇట్టి తివాచిని యంత్రశక్తిచే నేయు మగ్గమును కల్పించెను. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున ఆ మరనేతలు ప్రదర్శింపబడెను. మన ఏలూరు తివాచీలును, ఓరుగంటి తివాచీలును ఆ ప్రదర్శనముననే యుండినవి. ఒకే కప్పుక్రింద నిలిచిన ఈ రెండు జాతులలో చేతిముడుల తివాచి బండినేలకు ఎక్కలేదు, మరమగ్గపు తివాచి యెక్కెను. ఎక్కకుండుటయే మేలయ్యెనని నా యభిప్రాయము. ముడులు వేసి నేసిన తివాచి ఒక గదిని ఉద్దేశించి, నాలుగంచులతో, నడిమి పువ్వుతో, ఒక సంపూర్ణచిత్రముగా పుట్టును. దానిని గేరుమీటకొక రంధ్రము, చక్రపు ఉబ్బుకొక వంపు చొప్పున కోయుటకంటె దానికి వేఱు అవమానము లేదు. మరమగ్గపు తివాచి అట్లుగాక గజములలెక్కను చుట్టలుగా దొరకును. కోసి, అంచునకు తోలుపట్టీ కుట్టినచో అది యెచటనైనను ఇముడును.

ఇది యజమాని నేల. సారథి నేల వేఱు. గుఱ్ఱపుబండి తోలువాడు వానకును ఎండకును ఓర్చి బయటి పీఠముపై కూర్చుండెడివాడు; మోటారు వచ్చినపిదప అతని తలపై కప్పు వచ్చుటకే కొంతకాలము పట్టెను, కాలిక్రిందికి తివాచి వచ్చుటకు ఇంకను జాగయ్యెను. సారథిని నియమించుకొనెడు గొప్పవారి బండ్లలో ముందరి ఆసనమునకు తోలు, వెనుకటి ఆసనమునకు ఉన్నిబట్ట వేయుట ఆచారము. నేడు తోలే విలాసమని తలచువారికి ఇది వింతగా తోచవచ్చును గాని, తడిసిన బట్టలతో కూర్చుండువానికి తుడిచివేయదగిన తోలును, పొడిగా వచ్చి కూర్చుండు దొరలకు వెచ్చని ఉన్నియు అని నాటివారి లెక్క. నేలయును అట్లే: ముందర కొయ్యపలకలపై రబ్బరుచాపయో, అవిసెనూనెను గట్టిపఱచి ఫ్రెడరిక్ వాల్టన్ 1860 ప్రాంతమున కల్పించిన లినోలియమో, పీచుచాపయో, వెనుక విల్టన్. ముందరి రబ్బరును వెనుకటి తివాచియు బండి యంతర్భాగమున వర్ణవ్యవస్థవంటి దానిని ఏర్పఱచినవనుట అతిశయోక్తి గాదు. యజమాని తానే బండి నడుపుకొను కాలము వచ్చి తివాచి ముందరకు జరిగినపుడును, ఆక్సిలరేటరు తొక్కునపుడు మడమ ఆను చోట ఒక రబ్బరు తునక తివాచిపై కుట్టబడియే యుండెను. వెలగల బండ్లయందును నేటికిని అది కానవచ్చును.

ఇంతవఱకు చప్పుడు ప్రసక్తియే లేదు. ఏలయన నాటి బండ్లలో అధికభాగము పైకప్పు లేనివి. గాలిహోరులో నేలయొక్క రొద వేఱుగా వినబడదు. వినబడినను అది క్రిందినుండి పుట్టి పైకి పోవుటయే కాని, చుట్టుగోడలకు తగిలి తిరిగివచ్చుట లేదు. 1919 ప్రాంతమున అమెరికాలో అమ్ముడైన కార్లలో పదింట తొమ్మిది తెఱచినవే యనియు, పదేండ్లు తిరుగువఱకు ఆ లెక్క తలక్రిందులై పదింట తొమ్మిది మూసినవే యయ్యెననియు చరిత్రకారులు చెప్పుదురు. ఈ మార్పునకు హడ్సన్ సంస్థవారు 1922 నాటికి తెచ్చిన ఎసెక్స్ కోచ్ అను మూసిన కారు ముఖ్యకారణము: మొదట 1,495 డాలర్లుండిన దాని వెల 1925లో 895 డాలర్లకు దిగి, అదే సంస్థవారి తెఱచిన కారుకంటెను చౌకయయ్యెను. దానితోబాటు కొయ్యచట్రముపై రేకు తొడిగెడు పద్ధతి పోయి, ఎడ్వర్డ్ బడ్ అను నాతడు 1910లలో ప్రారంభించిన సంపూర్ణ ఉక్కుదేహము వ్యాపించెను. కప్పు నడిమిభాగము మాత్రము చాలకాలము గుడ్డతోనే యుండెను. అంతపెద్ద రేకును ఒక్కదెబ్బతో అచ్చొత్తు యంత్రములు లేకపోవుట ఒక కారణము, ఒత్తినను ఆ రేకు మ్రోగుననుట రెండవ కారణము. జనరల్ మోటార్స్‌వారు 1935 నమూనాలతో కప్పునుగూడ ఉక్కుతో మూసిరి. ఆపైన చట్రమే లేక దేహమే చట్రమైన కార్లు వచ్చెను: లాన్సియా లాంబ్డా 1922లోనే దారి చూపగా, 1934లో సిత్రోయెన్ ట్రాక్షన్ అవాంత్, 1935లో ఓపెల్ ఒలింపియా ఆ దారిని వెడల్పు చేసినవి. కొయ్యపలకల నేల పోయి అచ్చొత్తిన పలుచని రేకు నేలయయ్యెను. కొయ్య తనలోని నారల రాపిడిచే ప్రకంపనమును సహజముగా మ్రింగును, ఉక్కు మ్రింగదు. ఇంజనుయొక్క, గేరుపెట్టెయొక్క, చక్రములయొక్క కదలికలన్నియు ఇప్పుడు నేరుగా నేలరేకునకు చేరి, మూసినపెట్టెలో కూర్చున్నవాని చెవిని చుట్టుముట్టినవి.

రేకు ఎట్లు మ్రోగునో తెలియుటకు మనవారికి పాశ్చాత్య గ్రంథములతో పనిలేదు. మృదంగమునకు కుడిమూతపై నల్లని ముద్దను పొరలుపొరలుగా పట్టింతురు. ఎడమమూతకు కచేరికి ముందు తడిరవ్వ అంటింతురు. తోలుపై బరువు చేర్చుటచే దాని కంపనములు మాఱి, అస్తవ్యస్తపు మ్రోత శ్రుతియగు నాదమగును, సర్ సి.వి. రామన్ ఈ విషయమును శాస్త్రదృష్టితో పరిశోధించి 1920లోను 1934లోను ప్రకటించెను. కారునేలకు తారు పూయువాడును రేకుపై జిగటబరువునే అంటించుచున్నాడు. మార్దంగికుడు కోరినది నాదము, ఇతడు కోరినది నాదనాశము. కావున ఇతడు ఆఱి గట్టిపడక, సాగుచు, తనలో తాను ఒఱసికొనుచు, కంపనశక్తిని వేడిగా మార్చివేయునట్టి పదార్థమును ఎన్నుకొనెను. ఆ పదార్థము తారు. తారుతో నానిన ఫెల్టు పలకలను నేలరేకుపై పఱచి, రంగు ఆఱబెట్టెడు కొలిమివేడిలో అవి కరగి రేకునకు అతుకుకొనునట్లు చేయుట కర్మాగారములలో నిత్యకృత్యమయ్యెను. చప్పుడును పుట్టినచోటనే అణచు ప్రయత్నములును జరుగకపోలేదు; 1931లో క్రైస్లర్ సంస్థవారు ప్లిమత్ కార్లలో ఇంజనును రబ్బరుదిమ్మలపై తేలగట్టిరి. అయినను బాట లోపమును ఏ రబ్బరుదిమ్మయు సరిదిద్దజాలదు గదా!

తారు రేకు మ్రోతను ఆపునే కాని, గాలిలో వచ్చు రొదను ఆపదు. దానికి బరువును, గుల్లతనమును రెండును కావలెను. ధ్వనికి అడ్డముగా నిలిచిన తెరయొక్క బరువు రెట్టింపైనచో దాటివచ్చు ధ్వని సుమారు ఆఱు డెసిబెల్లులు తగ్గుననునది స్థూలసూత్రము; గుల్ల పదార్థము గాలికదలికను తన నారలమధ్య చిక్కుపఱచి మ్రింగివేయును. చవుకగా, దట్టముగా, గుల్లగా నుండు నార యేదని ప్రపంచమంతయు వెదకగా దొరికినది మన తూర్పుదేశపు జనపనార.

ఇచట కథ స్కాట్లండునకును, అచటినుండి హుగ్లీ తీరమునకును పోవును. డండీ పట్టణపు నేతగాండ్రు రష్యానుండి వచ్చు అవిసెనారపై ఆధారపడియుండిరి. వంగదేశపు జనపనార మొదట వారి యంత్రములలో పెళుసై తెగిపోయెడిది. తిమింగిలపు నూనెను నీటితో కలిపి దానిపై చల్లి మెత్తబఱచు కిటుకు వారికి 1830లలో పట్టుపడెను. తిమింగిలముల వేటయు ఆ రేవుననే యుండుట వారి యదృష్టము. 1854లో క్రిమియా యుద్ధము సాగుచుండ రష్యా నార రాక తగ్గుటతో జనపనార గిరాకి అమితమయ్యెను. ఆ మఱుసటి యేడే, 1855లో, జార్జి ఆక్లండు అను నాతడు డండీనుండి యంత్రములను తెప్పించి కలకత్తాకు ఎగువన హుగ్లీ యొడ్డున రిష్రా యందు మన దేశపు మొదటి జనపనార మిల్లును స్థాపించెను. గోనెలు, తివాచీల వెనుకబట్ట, తుదకు కార్లనేలలపై పఱచు నార ఫెల్టు — అన్నియు ఈ పంటనుండియే పుట్టినవి.

మన ఉత్తరాంధ్రమునకును ఈ కథలో భాగమున్నది. జనపనారకు తోబుట్టువైన గోగునారను విజయనగర శ్రీకాకుళ మండలములలో రైతులు తరతరములుగా పండించి, కాడలను చెఱువులలో నానవేసి, కుళ్ళబెట్టి, మోకాలిలోతు బురదనీటిలో నిలిచి నార ఒలిచెడివారు. డచ్చివారి పాతరేవైన భీమునిపట్టణమునుండి ఎగుమతియగుటచే ఆ నారకు ప్రపంచవాణిజ్యమున బిమ్లిపటం జూట్ అను పేరు స్థిరపడెను. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు ఆ పంటను నమ్ముకొని వెలసినవే. నానిన నార కంపు ఎఱిగిన ఆ ప్రాంతపువాడు పాతకారు నేలను లేపి తడినార వాసన చూచినచో, అది తన యూరి చెఱువుగట్టు వాసన యని వెంటనే గుర్తించును.

రెండవ ప్రపంచయుద్ధానంతరము, అంతవఱకు అనుభవముచే నడచిన ఈ వృత్తికి శాస్త్రము తోడయ్యెను. జర్మనీలో హెర్మన్ ఓబెర్‌స్ట్ 1952లో, రేకుపై అంటించిన జిగటపొర దాని వంపుకంపనములను ఎంత త్వరగా అణచునో గణితముచే నిరూపించెను. అమెరికాలో ఎడ్వర్డ్ కెర్విన్ 1959లో, ఆ జిగటపొరపై మఱియొక పలుచని లోహపుపొరను కప్పినచో, రెంటినడుమ చిక్కి అది యింకను ఎక్కువగా నలిగి, తక్కువ బరువుతోనే ఎక్కువ పనిచేయునని చూపెను. 1937లో స్టాండర్డ్ ఆయిల్ సంస్థలో స్పార్క్స్, థామస్ అను రసాయనికులు కల్పించిన బ్యూటైల్ రబ్బరు ఈ సూత్రమునకు తగిన జిగటపదార్థమయ్యెను. నేడు అంగడిలో అల్యూమినియపు వెండిముఖముతో, వెనుక నల్లని జిగురుతో దొరకు డ్యాంపింగ్ షీటు ఈ రెండు ఆవిష్కారముల సంతానమే.

నిశ్శబ్దము అమ్మకపు సరకగుటయు ఇంచుమించుగా ఆ కాలముననే. 1958లో డేవిడ్ ఓగిల్వీ అను ప్రకటనకర్త, గంటకు అఱువదిమైళ్ళ వేగమున పోవు రోల్స్‌రాయిస్ కారులో అన్నిటికంటె బిగ్గరగా వినబడునది గడియారపు చప్పుడే యని ప్రకటించి కీర్తిగాంచెను. ఇరువదియైదేండ్లకు ముందే పియర్స్ ఆరో అను అమెరికా కారును గూర్చి ఇట్టి మాటయే ప్రకటనగా వెలువడియుండెను; అయినను లోకము రెండవవానినే స్మరించుచున్నది. ఏమైనను ఆ ప్రకటన చదివినవారికి తివాచియే నిశ్శబ్దమునకు మూలమను భ్రాంతి కలిగియుండును. ఏలయన వారికి చూపదగినది తివాచియే, దానిక్రింది తారును నారయు ఎవడు చూపును?

ఆ దశాబ్దమున నేల హోదాపత్రికవలె చదువదగినదయ్యెను. 1955 నాటి షెవ్రొలే కార్లలో అడుగుతరగతియైన 150కి రబ్బరుచాపయు, పైతరగతియైన బెల్ ఎయిర్‌కు తివాచియు. 1959లో వచ్చిన మినీకారులో మామూలుదానికి రబ్బరు, డీలక్సునకు తివాచి. ఫ్రెంచివారి సిత్రోయెన్ డి.ఎస్. మాత్రము తివాచిక్రింద దళసరి నురుగురబ్బరును పఱచి, కాలు దిగబడునంతటి మెత్తదనమును సమకూర్చెను. తివాచియొక్క వెల తగ్గి అది జనసామాన్యమునకు అందుటకు ఒక పల్లెటూరిపిల్ల చేతిపని కారణమగుట విశేషము. జార్జియా రాష్ట్రమున డాల్టన్ ప్రాంతపు కేథరిన్ ఎవాన్స్ 1895లో, ఇంకను బాల్యము వీడకమునుపే, గుడ్డలో నూలుకుచ్చులు గ్రుచ్చి ఒక పడకదుప్పటిని తయారుచేసెను. 1900లో అట్టిదానిని రెండున్నర డాలర్లకు అమ్మెను. ఇరుగుపొరుగు స్త్రీలు ఆ పని నేర్చిరి. బాటపొడవున దుప్పట్లు ఆరవేసి అమ్మసాగిరి. 1930లలో యంత్రములు వచ్చెను. యుద్ధానంతరము ఆ యంత్రములే వెడల్పుగా పెరిగి తివాచీలను గ్రుచ్చసాగెను. మగ్గముపై నేయుటకు బదులు సిద్ధముగా నున్న జనపనారగుడ్డలో పోగును సూదులచే గ్రుచ్చుట గావున పని ఎన్నోరెట్లు వేగమయ్యెను, డాల్టన్ ప్రపంచపు తివాచిరాజధాని యయ్యెను. ఉన్ని స్థానమున రేయాను, నైలాను వచ్చెను. జనపనార వెనుకబట్ట స్థానమును క్రమముగా పాలీప్రొపిలీన్ ఆక్రమించెను. అమెరికా కార్లలో 1974కు ముందువానికి ఎనుబదిపాళ్ళు రేయాను, ఇరువదిపాళ్ళు నైలాను కలిసిన ఉచ్చుల తివాచియు, తరువాతివానికి తలలు కోసిన నైలాను తివాచియు వేయుట పాతకార్ల వర్తకులు నేటికిని పాటించు గీత.

మఱి మన దేశము? ఇచట నేను కొంత ఆశ్చర్యమును దాచజాలను. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు 1950ల చివర అంబాసిడర్ అను పేర హుగ్లీ యొడ్డున ఉత్తరపాడలో పునర్జన్మమెత్తి, 2014 వఱకు తయారగుచుండెను. ఆ కర్మాగారముకొఱకు వెలసిన హింద్ మోటర్ రైలుస్టేషనునుండి ఎగువకు పోయినచో కొన్నగర్, ఆపైన రిష్రా. అనగా ప్రపంచపు కార్లనేలలను మెత్తబఱచిన నారపరిశ్రమ ఈ దేశమున పుట్టిన చోటికి ఈ కారు రెండు స్టేషన్ల దూరమున పుట్టినది. అయినను మనమెఱిగిన టాక్సీ అంబాసిడర్‌లో కాలిక్రింద నున్నది గట్లుగట్లుగా నుండు నల్లని రబ్బరుచాప! దీనిని కేవలము లోభమని నేననను. మన వానకాలమున బురదకాళ్ళతో ఎక్కు ప్రయాణికుని బండిలో, నీటిని పీల్చు నారయు తివాచియు రేకునకు విషప్రాయములు. కడిగి బయటకు నెట్టదగిన రబ్బరే మనకు ఉచితమని ఆ కారు చేసినవారు తలచినచో తప్పులేదు. అట్టిదే కొబ్బరిపీచుచాప: 1859లో జేమ్స్ డారా అను నాతడు అలెప్పీలో పీచుచాపల కర్మాగారమును స్థాపించినది మొదలు ప్రపంచపు గడపలకన్నిటికి ఎగుమతియైన సరకు అది, జర్మనుల మెర్సిడెస్, పోర్షె కార్లలోను అది పఱచబడినది; నేటి సంగ్రహకారులు దానిని అధికమూల్యమునకు కొనుచున్నారు. మన్నును క్రిందికి జారనిచ్చి, నీటిని నిలువనీయక, కాలికి పట్టునిచ్చు ఆ చాపకు మించిన వానకాలపు నేల నాకు కనబడలేదు. చప్పుడును మాత్రము అది ఇసుమంతయు ఆపదు.

ఈ చరిత్రమంతయు తెలిసిన పిమ్మట పాతబండి నేలకు ఏమి పఱచవలెనను ప్రశ్న సులభమగును. పుట్టినరూపమునకు తేదలచిన కారునకు దాని కాలమును, తరగతిని అనుసరించియే ముఖము నీయవలెను. రబ్బరుచాపతో పుట్టిన అంబాసిడర్‌కు విల్టన్ వేయుట, సారథికి దొర కోటు తొడిగినట్లే. అడుగుపొర విషయమున మాత్రము ఈ నిష్ఠ అనవసరము. అది కనబడదు, ఆ కాలపు నిర్మాతకు బ్యూటైల్ దొరకియున్నచో అతడును దానినే వాడియుండును. నారఫెల్టుపై మమకారముగలవారు నన్ను మన్నింతురు గాక. నీరు చొరబడనీయని మూసిన గదుల నురుగుపలక దానికంటె మన వాతావరణమునకు తగినది.

పని వరుసయు నీ చరిత్రమునకు లోబడియే యుండును. మొదట పాతపొరలు తీయునపుడు, ఇంజను గోడయొద్దను పొగగొట్టముపైనను బూడిదరంగు నారపలక కనబడినచో దానిని పొడిగా గీకరాదు. ఆ కాలపువానిలో ఆస్బెస్టాసు కలిసియుండుట కద్దు, తడిపి, ముక్కునకు తగిన ముసుగు కట్టుకొని, ఎఱిగినవానిచే తీయింపవలెను. తరువాత త్రుప్పు. కన్నములుపడిన చోట టింకరింగ్ చేసి రేకుముక్క అతుకవలెనే కాని, తారుతో కప్పిపుచ్చరాదు. తారుక్రింద తడి చిక్కిన రేకు రెండు వానకాలములు నిలువదు. రంగు పూసి, పూర్తిగా ఆఱిన పిదప, రేకును వ్రేళ్ళ గణుపులతో తట్టి చూచిన, ఎచట అది కంచువలె మ్రోగునో తెలియును. గట్లు ఒత్తియున్న చోట మ్రోగదు, చదునైన విశాలభాగముల నడుమ మ్రోగును. డ్యాంపింగ్ షీటు వేయవలసినది అచట. నేలయంతయు కప్పుట వృథా. చదునుభాగమున నాలుగవవంతు కప్పినను ఫలములో అధికభాగము దక్కును. ఒక చిన్న రోలరుతో గాలిబుడగలు పోవునట్లు గట్టిగా ఒత్తవలెను, అతుకని చోట అది వట్టి బరువే. ఇంటికప్పులకు వేయు తారుచుట్ట చవుక యని దానిని వాడువారు గలరు. మే నెలలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారును ఒకసారి తెఱచి వాసన చూచిన పిదప వారిలో ఎవ్వరును మరల వాడరు.

దానిపై నురుగుపలక, అవసరమైనచో బరువైన వినైల్ తెర, ఆపైన తివాచి. గేరుపెట్టెయున్న నడిమి సొరంగముపైన, పొగగొట్టము వెళ్ళు చోటను వేడి కాచు పలక ముందుగా వేయవలెను. అచ్చుపోసిన తివాచి ఆ బండికి దొరకినచో అదృష్టమే. దొరకనిచో చుట్టనుండి కోయింపవలెను. మొదట సొరంగము, పిదప రెండువైపుల పళ్ళెములు, చివర గడపల అంచులు అను వరుసను సీటుపనివారు పాటింతురు. నేలలో నీరు పోవుటకు కర్మాగారమువారు ఉంచిన రబ్బరు బిరడాలను పొరలక్రింద పూడ్చివేయరాదు. ఆసనముల మరకన్నములు ఎచటనున్నవో తివాచి కోయకముందే సన్నని కడ్డీలు నిలిపి గుర్తింపవలెను. తివాచిని వేగముగా తిరుగు డ్రిల్లుతో తొలిచినచో పోగు చుట్టుకొని ఒక వరుస పొడవున ఊడివచ్చును గనుక, కాలిన ఇనుపచువ్వతో కన్నము చేయుట మేలు. పాతతివాచి ఎంత చివికియున్నను దానిని తొందరపడి పారవేయక, నేలపై చదునుగా పఱచి, దానినే కొలతపట్టుగా నుంచుకొని క్రొత్తదానిని కోయవలెను. నలువది యేండ్లలో అది ఎచటెచట సాగెనో గమనించి, ఆ వైపున అంగుళముపాటు ఎక్కువయే విడుచుట పనియెఱిగినవారి వాడుక.